తాగునీరు, విహారం, జలజీవరక్షణ: మీర్ ఆలం చెరువు నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

కీలక పదాలు: మీర్ ఆలం చెరువు, జంట జలాశయాలు, కొల్లేరు, మనాటీ, ముందుజాగ్రత్త సూత్రం

ఉపోద్ఘాతం

హైదరాబాదు పాతబస్తీ స్థలనామాలలో ఇద్దరు మంత్రుల పేర్లు నిలిచి ఉన్నాయి. అబుల్ హసన్ కుతుబ్‌షా కొలువులోని మాదన్న పేరు మాదన్నపేటకు దక్కింది. నిజాం దివాను మీర్ ఆలం పేరు ఒక చెరువుకు దక్కింది. పేట జనంతో పెరిగింది. చెరువు మాత్రం జనం పెరిగేకొద్దీ తన తొలి ప్రయోజనానికి దూరమైంది. జలవిహారానికీ జలజీవుల రక్షణకూ మధ్య సమతుల్యం ఎలా సాధ్యమనే ప్రశ్నకు ఈ చెరువు చరిత్ర ఒక ఆధారాన్ని ఇస్తుంది. పడవల సంఖ్యను నియంత్రించడం అవసరమే. అయితే రక్షణ నిర్ణయం నిర్మాణానికి ముందు జరగాలనీ, అందులో నీటి నాణ్యత కూడా చేరాలనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

తాగునీటి చెరువు నుంచి విహారస్థలి దాకా

1799 నాటి శ్రీరంగపట్టణ యుద్ధంలో నిజాం సేనల పక్షాన పాల్గొన్న మీర్ ఆలం 1804లో దివాను అయ్యాడు. ఆ కాలంలోనే మొదలైన చెరువు నిర్మాణం 1806 నాటికి పూర్తయింది. ప్రవాహానికి ఎదురుగా వంపు తిరిగిన 21 రాతి కమానులను వరుసగా పేర్చి కట్టిన ఈ ఆనకట్ట సాంకేతిక చరిత్రలో విశిష్టమైనది. శతాబ్దానికి పైగా ఈ చెరువు నగరానికి తాగునీరు అందించింది.

1908 మూసీ వరదల తరువాత వెలసిన ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) ఆ బాధ్యతను స్వీకరించాయి. 1963లో చెరువును ఆనుకొని నెహ్రూ జంతుప్రదర్శనశాల ప్రారంభమైంది. తరువాతి కాలంలో విహార పడవలు కూడా వచ్చాయి. ఈ మార్పులో గమనించవలసిన అంశం ఒకటుంది. నీటిని తాగేవారు ఉన్నంతకాలం దాని శుభ్రత అందరి అవసరం. తాగేవారు లేనప్పుడు చెరువు కంటికి ఇంపైన దృశ్యంగా మిగులుతుంది. ఆ నీటినే ఆశ్రయించిన చేపలకూ పక్షులకూ తమ పక్షాన అడిగే నోరు లేదు.

ఫ్లోరిడా అనుభవం

ఇటువంటి సంఘర్షణ అత్యంత స్పష్టంగా కనిపించిన చోటు అమెరికాలోని ఫ్లోరిడా. అక్కడి మనాటీ నీటిగడ్డి మేసే సాధుజంతువు. నెమ్మదిగా ఈదుతూ, ఊపిరి కోసం తరచు నీటిపైకి వస్తుంది. వేగంగా వెళ్లే పడవలు తగిలి గాయపడిన మనాటీలు ఎన్నో. పరిశోధకులు ఒక్కొక్కదాన్ని గుర్తుపట్టేది ఆ గాయాల మచ్చలతోనే. 1978లో ఆ రాష్ట్రం మనాటీల కోసం ప్రత్యేక చట్టం చేసి, పడవల వేగానికి పరిమితులు విధించే వీలు కల్పించింది. 1989లో 13 ముఖ్యమైన కౌంటీలు రక్షణ ప్రణాళికలు రూపొందించాలని ఆదేశించింది. కొత్త మెరీనా, అంటే విహార నౌకల రేవు, ఎక్కడ కట్టవచ్చు, ఎన్ని పడవలకు చోటివ్వవచ్చు అనే నిర్ణయం ఆ ప్రణాళికలలో భాగమైంది.

ఫలితం కనిపించింది. 2017లో మనాటీ ‘అంతరించిపోతున్న’ స్థితి నుంచి ‘ముప్పు పొంచి ఉన్న’ స్థితికి మారింది. కాని 2021లో సుమారు 1,100 మనాటీలు మరణించాయి. తీరప్రాంతపు కలుషిత జలాలలో నాచు పెరిగి, ఎండ సోకక నీటిగడ్డి నశించడంతో అనేకం ఆకలికి గురయ్యాయి. పడవను అదుపు చేసిన చట్టం మురుగును అదుపు చేయలేకపోయింది.

తెలుగునాట రెండు దృష్టాంతాలు

మొదటిది కొల్లేరు. 1999లో ఐదవ కాంటూరు వరకు సుమారు 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ గుర్తింపు లభించింది. అప్పటికే చేపల చెరువులు సరస్సును ఆక్రమించి ఉన్నాయి. 2006లో వాటి గట్లు తెగగొట్టవలసి వచ్చింది. గూడబాతులకు నీరు కావాలి. ఆ చెరువులపై బతికే కుటుంబాలకు జీవనం కావాలి. రక్షణ ఆలస్యమైతే న్యాయం చేయడం ఇరుపక్షాలకూ కష్టమవుతుందని కొల్లేరు నిరూపించింది.

రెండవది జంట జలాశయాలు. వాటి చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో కాలుష్య పరిశ్రమలను నిషేధిస్తూ 1996లో 111వ జీవో వెలువడింది. ఆ పరిధిలోని ఒక నూనె పరిశ్రమ వివాదంలో సుప్రీంకోర్టు 1999, 2000 సంవత్సరాల తీర్పులలో ముందుజాగ్రత్త సూత్రాన్ని స్వీకరించింది. హాని జరగదని నిరూపించే భారం నిర్మాణాన్ని తలపెట్టినవారిదేనని స్పష్టం చేసింది. 2022లో 69వ జీవో ఆ జీవో ఆంక్షలను తొలగించింది. జీవో మారినా, ఆ తీర్పులలోని న్యాయసూత్రం మిగిలే ఉంది.

ఉపసంహారం

మీర్ ఆలం చెరువులో మనాటీ లేదు. గాయపు మచ్చలతో సాక్ష్యం చెప్పే ప్రాణి కనిపించదు. కనుకనే ఇక్కడ రక్షణ ప్రశ్న మరింత సులభంగా మరుగున పడుతుంది. విహారం నిషిద్ధం కానక్కరలేదు. అది ప్రజలను నీటి చెంతకు తెచ్చి, నీటిపై మమకారం పెంచగలదు. అయితే రేవు కట్టడానికి ముందే పక్షుల గూళ్ల కాలాన్నీ, చెరువులోకి చేరే మురుగు మార్గాలనూ నమోదు చేయాలి. ఎన్ని పడవలు, ఏ వేగంతో, ఏ భాగంలో తిరగాలో ఆ నమోదు ఆధారంగానే తేల్చాలి. తాగునీటికై కట్టిన చెరువుకు కొలమానం కొత్తగా వెతకనక్కరలేదు. 1806లో ఏ నీటి కోసం ఆ కమానులు నిలిచాయో ఆ నీరే కొలమానం.