వేచియుండు వీర్యకణము

1677లో హాలెండు దేశీయుడగు లేవెన్‌హుక్ సూక్ష్మదర్శినిలో వీర్యకణములను చూచి వర్ణించెను. స్తన్యజంతువుల అండమును 1827లో ఫాన్ బేయర్ కనుగొనెను. ఈ రెండింటి కలయికయే జీవోత్పత్తికి మూలమని పందొమ్మిదవ శతాబ్దాంతమునకు స్థిరపడినది. అట్లయిన, వీనిని గాజుపాత్రలో చేర్చినచో పిండమేర్పడవలదా? 1878లో వియన్నాలో షెంక్ అను శాస్త్రజ్ఞుడు కుందేలు అండములతో ఆ యత్నము చేసెను. తరువాత డెబ్బది యేండ్లకు పైగా పలువురు యత్నించిరి. నిస్సందేహమైన ఫలితము ఎవరికిని దక్కలేదు. వీర్యకణము చురుకుగా ఈదుచునే యుండెను. దానికి ఇంకను సామర్థ్యము రాలేదని ఎవరనుకొందురు?

1951లో అమెరికాలో చాంగ్, ఆస్ట్రేలియాలో ఆస్టిన్, ఒకరితో నొకరికి సంబంధము లేకయే ఆ చిక్కు విప్పిరి. కుందేలులో సంగమమైన పదిగంటలకు గాని అండము విడుదల కాదు. విడుదలవేళకు వీర్యకణములను అండవాహికలో ఉంచినచో ఫలదీకరణము అరుదు. కొన్ని గంటలు ముందుగా ఉంచినచో సఫలము. అనగా స్త్రీదేహములో కొంతకాలము గడపిన పిదపనే వానికి అండమును ఛేదించు శక్తి కలుగును. దీనికి ఆస్టిన్ 1952లో కెపాసిటేషన్, అనగా సామర్థ్యప్రాప్తి, అని పేరిడెను.

ఆ గంటలలో కణము పైపొరనుండి కొలెస్టరాలును, కొన్ని మాంసకృత్తులును తొలగును. కాల్షియము లోనికి ప్రవేశించును. తోక కొరడావలె బలముగా కొట్టుకొనును. పిమ్మట తలపైనున్న చిన్నసంచి తెరచుకొని ఎంజైములు వెలువడును. అప్పుడుగాని అండమును చుట్టియున్న దళసరి పొరలో దారి దొరకదు. ఒరలోనున్న కత్తి తెగకోయదు గదా!

ఈ రహస్యము తెలిసినందున 1959లో చాంగ్, సంగమమైన కుందేలు గర్భాశయమునుండి తీసిన వీర్యకణములతో పాత్రలో ఫలదీకరణము సాధించెను, పిల్లలును పుట్టెను. 1963లో యానగిమాచి, చాంగులు హామ్‌స్టరు వీర్యకణములకు పాత్రలోనే ఆ సామర్థ్యము కలిగించిరి. 1969లో కేంబ్రిడ్జిలో ఎడ్వర్డ్సు, అతని సహచరులు మానవాండమును ఫలదీకరించిరి. 1978 జూలై 25న ఇంగ్లండులో లూయీజ్ బ్రౌను జన్మించెను. అదే యేడు అక్టోబరు 3న కలకత్తాలో డాక్టరు సుభాష్ ముఖర్జీ కృషివలన ఒక బాలిక జన్మించినది.

సంతతి కలుగనిచో నిందను స్త్రీపైననే మోపు అలవాటు మన యిండ్లలో నేటికిని పూర్తిగా పోలేదు. లోపము ఇరువురిలో ఎవరియందైనను ఉండవచ్చును. పురుషుని కణము సిద్ధముగా రాదు. స్త్రీదేహమే దానిని సిద్ధపరచును. గొడ్రాలను మాట నోటికి రాకముందే ఈ సంగతి తలపునకు రావలెను.