కొండ సంగతి వాగునడగాలి

అక్టోబరు ఉదయం. అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం, వైట్ మౌంటెన్స్ కొండలు. హబ్బర్డ్ బ్రూక్ పరిశోధన అడవిలోకి పదడుగులు వేసేసరికే కాలిబాట రాలిన ఆకుల కింద మాయమైపోతుంది. తలపైన షుగర్ మేపుల్ ఎర్రగా, బీచ్ రాగి రంగులో, బర్చ్ పసుపుగా ఉన్నాయి. చప్పుడును బట్టి వాగు దగ్గరపడిందని తెలుస్తుంది. పేరు బెయిర్ బ్రూక్. నాలుగంగల్లో దాటేయొచ్చు. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు తొడుక్కుని దిగండి. చలి రబ్బరును దాటి ఎముకకు తగులుతుంది.

రాళ్ల మధ్య ఇరుక్కున్న ఆకుల గుత్తినొకదాన్ని ఎత్తండి. పై ఆకులు నిన్నో మొన్నో రాలినవి, ఇంకా ఎర్రగానే ఉన్నాయి. అడుగువి నల్లబడి వేలికి జిగటగా తగులుతున్నాయి. ఆ జిగటంతా బూజు, బాక్టీరియా. అవి ముందు ఆకును మెత్తబరుస్తాయి, ఆ తర్వాత పురుగులు నోరు పెడతాయి. ఆకు తిరగేస్తే స్టోన్‌ఫ్లై పిల్ల ఒకటి చటుక్కున జారిపోతుంది. పక్కనే క్యాడిస్ పురుగు, ఆకుముక్కలతో కట్టుకున్న గూడును ఈడ్చుకుంటూ పాకుతోంది. ఇవి తిన్నాక ఆకులో మిగిలేది ఈనెల వల మాత్రమే.

కొమ్మలు ఎండను అడ్డుకుంటాయి కాబట్టి నీటిలో నాచు పెద్దగా పెరగదు. మరి ఈ వాగు దేన్ని తిని బతుకుతోంది? 1973లో శాస్త్రవేత్తలు ఫిషర్, లైకెన్స్ లెక్క కట్టారు. ఇక్కడి జీవులకు అందే శక్తిలో 99 శాతానికి పైగా ఒడ్డున ఉన్న అడవి పెట్టిందే.

ఒడ్డెక్కి, కుళ్లిన దుంగను కాస్త జరపండి. వీపున ఎర్ర చార ఉన్న సాలమాండర్ ముడుచుకుని ఉంది. దానికి ఊపిరితిత్తులు లేవు, తడి చర్మంతోనే ఊపిరి పీలుస్తుంది. చేయి తడుపుకోకుండా ముట్టుకోకండి. 1970లలో తూకం వేస్తే ఈ అడవిలోని సాలమాండర్ల మొత్తం బరువు, పక్షులు గూళ్లు కట్టే కాలంలో వాటి మొత్తం బరువుకు దాదాపు రెట్టింపని తేలింది. దుంగను ఉన్నచోటే మళ్లీ పెట్టేయండి.

పక్క వాలు మీదుగా దిగితే సిమెంటు అలుగు కనిపిస్తుంది. ఇంగ్లిష్ 'వి' అక్షరం ఆకారపు గండిలోంచి నీరు దూకుతోంది. ఈ కొండల అడుగున నీరు ఇంకని బండ ఉంది. కురిసిన వానలో చెట్లు తాగినది, ఆవిరైనది పోగా మిగతాదంతా ఈ గండి దాటాల్సిందే. 1963లో బోర్మన్, లైకెన్స్, జాన్సన్, పియర్స్ ఈ వీలునే ఆసరా చేసుకున్నారు. మూత్ర పరీక్షతో వైద్యుడు ఒంట్లో సంగతి చెప్పినట్టు, వాగు నీటితో కొండ ఆరోగ్యం తెలుసుకోవాలన్నది వాళ్ల ఆలోచన. అప్పటి నుంచి వారం వారం నీళ్లు పడుతూనే ఉన్నారు. ఇవాళ సీసా మీ చేతిలో ఉంది. మూత లోపలి వైపు వేలు తగలనివ్వకండి, చెమటలోని ఉప్పు చాలు లెక్క తప్పడానికి.

అలుగు దగ్గర నుంచి పైకి చూడండి. ఇది రెండో నంబరు వాలు. 1965-66 చలికాలంలో దీని మీద చెట్లన్నీ నరికి అక్కడే వదిలేశారు. మూడేళ్ల పాటు మొక్క లేవకుండా మందు కొట్టారు. వాగులో నైట్రేట్ 40 రెట్లకు పైగా పెరిగింది. పీల్చుకునే వేళ్లు లేక నేలలోని సారమంతా నీటి పాలైంది.

వాగు నీటితో పాటు పట్టిన వాన నీటి సీసాలు ఇంకో సంగతి బయటపెట్టాయి. శుభ్రమైన గాలిలో వాన పీహెచ్ సుమారు 5.6 ఉంటుంది, ఇక్కడ 4 దగ్గర తేలింది. పీహెచ్ ఒక్క అంకె తగ్గితే ఆమ్లం పదింతలవుతుంది. ఎక్కడో దూరాన బొగ్గు విద్యుత్ కేంద్రాలు వదిలిన గంధకపు పొగ ఈ కొండల మీద వానగా దిగేది. 1990లో అమెరికా గాలి కాలుష్య చట్టాన్ని బిగించాక వానలో పులుపు తగ్గింది. నేల మాత్రం అంత త్వరగా కోలుకోలేదు, ఆమ్లం అప్పటికే కాల్షియాన్ని కడిగేసింది. 1999లో ఒకటో నంబరు వాలు మీద హెలికాప్టర్‌తో కాల్షియం ఖనిజం చల్లితే మేపుల్ చెట్లు తేరుకున్నాయి.

పరిశోధనకు డబ్బిచ్చేవాళ్లు రెండు మూడేళ్లలో ఫలితం అడుగుతారు. వాన తీరు ఏటేటా మారిపోతుంది కాబట్టి రెండు మూడేళ్ల సీసాలతో వాన పులుపు మారిందో లేదో తేలదు. మధ్యలో నీళ్లు పట్టడం ఆపేసి ఉంటే, ఆ చట్టం ఈ కొండలకు మేలు చేసిందో లేదో చెప్పడానికి ఆధారమే ఉండేది కాదు.