మోంమార్త్ర్ గోడల చిత్రకారుడు

పారిస్‌లోని మోంమార్త్ర్ గుట్ట మీద 1883లో పుట్టిన మోరిస్ ఉత్రిల్లో ఏ కళాశాలలోనూ చిత్రలేఖనం చదవలేదు. తల్లి సుజాన్ వలదాన్ చిత్రకారుల ముందు మోడల్‌గా కూర్చుంటూ, వాళ్ల పనితనం గమనించి సొంతంగా బొమ్మలు నేర్చిన మనిషి. చిన్న వయసులోనే తాగుడుకు బానిసైన కొడుకు మనసు మళ్లించడానికి ఆమే కుంచె అందించింది.

అతను గీసింది ఎక్కువగా తన పేటనే: ఇరుకు సందులు, మెట్ల దారులు, చిన్న హోటళ్లు. 1909 నుంచి 1914 దాకా సాగిన ‘తెలుపు దశ’ అతని ఉత్తమ కాలం. పాత గోడల గరుకుదనం కోసం రంగులో ప్లాస్టర్ కలిపేవాడు. అందుకే ఆ గోడలు చేతికి తగిలేలా ఉంటాయి.

పోస్టుకార్డులు చూసి వేసినవీ చాలానే ఉన్నాయి. అంతమాత్రాన వాటి విలువ తగ్గదు. ఆ వీధులు అతనికి కంఠతా వచ్చు. 1928లో ఫ్రాన్స్ అతనికి లెజియన్ ఆఫ్ ఆనర్ పురస్కారం ఇచ్చింది.