పట్టికలో మూడో స్థానం, వీధుల్లో విజయం: 1969 స్టాక్‌హోమ్ ఐస్ హాకీ ప్రపంచ పోటీలు, చెకోస్లోవేకియా రాజకీయ పరిణామాలు

వ్యాససంగ్రహం:

1969 మార్చిలో స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో జరిగిన ఐస్ హాకీ ప్రపంచ పోటీల్లో చెకోస్లోవేకియా జట్టు సోవియట్ యూనియన్‌ను రెండుసార్లు ఓడించింది. అయినా స్వర్ణపతకం సోవియట్ జట్టుకే దక్కింది. రెండో విజయం నాటి రాత్రి లక్షలాది ప్రజలు వీధుల్లోకి వచ్చారు. దానిని ఆసరాగా చేసుకుని సోవియట్ నాయకత్వం ఒత్తిడి పెంచింది. మూడు వారాలు తిరగకముందే అలెగ్జాండర్ దుబ్చెక్ పార్టీ నాయకత్వాన్ని కోల్పోయాడు. ఆ రాత్రి దుబ్చెక్ పతనానికి కారణమా, లేక సందర్భం మాత్రమేనా అన్న ప్రశ్నను చర్చించడం ఈ వ్యాసం ముఖ్యోద్దేశం.

కీలకపదాలు: ఐస్ హాకీ, చెకోస్లోవేకియా, ప్రాగ్ వసంతం, దుబ్చెక్, హుసాక్, సాధారణీకరణ, క్రీడాచరిత్ర.

1. ఉపోద్ఘాతం:

హాకీ అనగానే మనకు స్ఫురించేది మైదానంలో బంతితో ఆడే ఆట. శీతల దేశాల్లో ఆ పేరు వినగానే గుర్తుకు వచ్చేది మంచుగడ్డపై స్కేట్లు కట్టుకుని, రబ్బరు బిళ్ళతో ఆడే ఐస్ హాకీ. ఒక్కో పక్షాన గోల్‌కీపర్‌తో కలిపి ఆరుగురు బరిలో ఉంటారు. ఇరవై నిమిషాల చొప్పున మూడు భాగాలుగా ఆట సాగుతుంది. యూరప్‌లో ఈ ఆట బలంగా వేళ్ళూనిన దేశాల్లో చెకోస్లోవేకియా ఒకటి.

ఆటల ఫలితాలను చరిత్ర సాధారణంగా పట్టికలకే పరిమితం చేస్తుంది. ఎవరు గెలిచారు, ఎన్ని గోల్స్ చేశారు అన్న వివరాలతో ఆ అధ్యాయం ముగుస్తుంది. 1969 పోటీలను అలా చదివితే సోవియట్ యూనియన్ వరుసగా ఏడోసారి ప్రపంచ విజేతగా నిలిచిందన్న ఒక్క వాక్యమే మిగులుతుంది. ఆ వాక్యంలో అసత్యం లేదు. కానీ ఆ ఏడాది ప్రాగ్ వీధుల్లో జరిగినదానికి ఆ వాక్యంలో చోటు లేదు. పట్టికకూ ప్రజల స్మృతికీ మధ్య ఏర్పడిన ఈ అంతరాన్ని వివరించాలంటే ముందుగా ఆ దేశంలో ఆటకూ రాజ్యానికీ మధ్య ఉన్న సంబంధాన్ని పరిశీలించాలి.

2. చారిత్రక నేపథ్యం:

2.1 ఆట - రాజ్యం:

చెకోస్లోవేకియా 1947లోనూ 1949లోనూ ప్రపంచ విజేతగా నిలిచింది. 1948 ఫిబ్రవరిలో కమ్యూనిస్టు పార్టీ అధికారాన్ని పూర్తిగా హస్తగతం చేసుకుంది. 1950 మార్చిలో లండన్‌లో జరగవలసిన ప్రపంచ పోటీలకు జట్టు బయలుదేరబోతుండగా ప్రభుత్వం ప్రయాణాన్ని ఆపివేసింది. క్రీడాకారులు విదేశంలోనే ఉండిపోతారన్న అనుమానం ఇందుకు మూలం. ఆగ్రహించిన ఆటగాళ్ళు ప్రాగ్‌లోని ఒక మద్యశాలలో ప్రభుత్వాన్ని దూషించారన్న కారణంగా వారిని అరెస్టు చేశారు. దేశద్రోహం అభియోగంతో రహస్య విచారణ జరిపారు. ప్రఖ్యాత గోల్‌కీపర్ బొహుమిల్ మొడ్రీకి 15 ఏళ్ల శిక్ష పడింది. యురేనియం గనుల్లో పనిచేసి, 1955లో విడుదలైన ఆయన 1963లో మరణించాడు.

ఈ ఉదంతం ఒక విషయాన్ని స్పష్టం చేస్తుంది. చెకోస్లోవేకియాలో హాకీ ఏనాడూ కేవలం వినోదంగా మిగలలేదు. దానికి రాజకీయార్థాన్ని మొదట అంటగట్టింది ప్రజలు కాదు, రాజ్యమే.

2.2 1968 ఆక్రమణ, ఆ తరువాతి శీతకాలం:

1968 జనవరిలో దుబ్చెక్ పార్టీ ప్రథమ కార్యదర్శి అయ్యాడు. ఆ తరువాత సాగిన సంస్కరణల కాలం ‘ప్రాగ్ వసంతం’గా ప్రసిద్ధి పొందింది. జూన్‌లో సెన్సార్‌షిప్ రద్దయింది. ఆగస్టు 20 రాత్రి సోవియట్ నాయకత్వంలో వార్సా ఒప్పంద దేశాల సేనలు సరిహద్దు దాటాయి. మాస్కోకు తరలింపబడిన చెకోస్లోవేక్ నాయకులు అక్కడి షరతులపై సంతకాలు చేసి తిరిగి వచ్చారు. అక్టోబరు 16న కుదిరిన ఒప్పందం సోవియట్ సేనల మకాముకు చట్టబద్ధత కల్పించింది.

1969 జనవరి 16న యాన్ పలాఖ్ అనే విద్యార్థి వెన్సెస్లాస్ కూడలిలో ఆత్మాహుతికి పాల్పడి, మూడు రోజుల తరువాత మరణించాడు. ఫిబ్రవరి 25న అదే కూడలిలో యాన్ జాయీట్స్ అనే మరో విద్యార్థి అదే మార్గం అనుసరించాడు. పార్టీ నాయకత్వం నామమాత్రంగా దుబ్చెక్ చేతిలోనే ఉంది. ప్రజలకు తమ అభిప్రాయాన్ని బహిరంగంగా ప్రకటించే దారులు మాత్రం ఒక్కొక్కటిగా మూసుకుపోతున్నాయి. ఇటువంటి వాతావరణంలో స్టాక్‌హోమ్ పోటీలు మొదలయ్యాయి.

3. స్టాక్‌హోమ్ పోటీలు - ఫలితాల విశ్లేషణ:

1969 పోటీలు మొదట ప్రాగ్‌లో జరగవలసినవి. ఆక్రమణ అనంతరం చెకోస్లోవేకియా ఆతిథ్యాన్ని వదులుకోవడంతో అవి స్టాక్‌హోమ్‌లోని యొహన్నెస్‌హోవ్ మంచు క్రీడాప్రాంగణానికి మారాయి. మార్చి 15 నుంచి 30 వరకు జరిగిన ఈ పోటీల అగ్రశ్రేణి విభాగంలో సోవియట్ యూనియన్, చెకోస్లోవేకియా, స్వీడన్, కెనడా, ఫిన్లాండ్, అమెరికా పాల్గొన్నాయి. ప్రతి జట్టూ మిగిలిన ఐదింటితో రెండేసిసార్లు తలపడాలన్నది ఆ ఏటి నియమం. ప్రాగ్‌ను ఆక్రమించిన దేశంతో చెకోస్లోవేక్ జట్టు రెండుసార్లు ఆడక తప్పని స్థితిని ఈ నియమమే కల్పించింది.

మార్చి 21న జరిగిన తొలి పోరులో చెకోస్లోవేకియా 2-0 తేడాతో గెలిచింది. యాన్ సుఖీ, యోసెఫ్ చెర్నీ గోల్స్ చేశారు. గోల్‌కీపర్ వ్లదిమీర్ జురిల్లా సోవియట్ జట్టుకు ఒక్క గోల్ కూడా దక్కనివ్వలేదు. ఆట ముగిశాక ప్రత్యర్థులతో కరచాలనం చేయడం ఆనవాయితీ. చెకోస్లోవేక్ ఆటగాళ్ళు అందుకు నిరాకరించారు. నాటి రాజ్యచిహ్నంలో సింహం తలపై పూర్వపు కిరీటానికి బదులు ఎర్ర నక్షత్రం ఉండేది. యరొస్లావ్ యిర్జీక్ వంటి కొందరు తమ జెర్సీపై ఉన్న ఆ నక్షత్రాన్ని టేపుతో కప్పివేశారు. మార్చి 28న జరిగిన రెండో పోరులో చెకోస్లోవేకియా 4-3 తేడాతో గెలిచింది.

ఆఖరి పట్టికలో మూడు జట్లు సమానంగా నిలిచాయి. సోవియట్ యూనియన్, స్వీడన్, చెకోస్లోవేకియా పది ఆటల్లో ఎనిమిదేసి గెలిచి, రెండేసి ఓడి, 16 పాయింట్ల చొప్పున సాధించాయి. చెకోస్లోవేకియా సోవియట్‌ను రెండుసార్లు ఓడించింది. స్వీడన్ చెకోస్లోవేకియాను రెండుసార్లు ఓడించింది. సోవియట్ స్వీడన్‌ను రెండుసార్లు ఓడించింది. ఈ మూడు జట్ల మధ్య జరిగిన ఆటలనే లెక్కిస్తే ప్రతి జట్టూ చేసిన గోల్స్, ఇచ్చిన గోల్స్ సరిసమానం. సోవియట్‌కు 10-10, స్వీడన్‌కు 7-7, చెకోస్లోవేకియాకు 6-6.

మొత్తం గోల్స్ వ్యత్యాసమే విజేతను నిర్ణయించింది. సోవియట్ 59-23, స్వీడన్ 45-19, చెకోస్లోవేకియా 40-20. సోవియట్ ఆధిక్యం 36 గోల్స్ కాగా, అందులో 15 ప్రారంభ దినాన అమెరికాను 17-2 తేడాతో చిత్తుచేసిన ఒక్క ఆటలోనే వచ్చాయి. మార్చి 30న స్వీడన్‌తో జరిగిన చివరి ఆటను చెకోస్లోవేకియా డ్రా చేసుకుని ఉన్నా స్వర్ణం దానిదే అయ్యేది. 0-1 తేడాతో ఓడిపోయి మూడో స్థానంతో సరిపెట్టుకుంది.

ఇక్కడ తేదీలను జాగ్రత్తగా గమనించాలి. ప్రజలు వీధుల్లోకి వచ్చింది మార్చి 28న. టోర్నమెంటు విజేత తేలింది మార్చి 30న. కనుక ఆ రాత్రి ప్రజలు పండుగ చేసుకున్నది ప్రపంచ విజేత బిరుదు కోసం కాదు. ఆ బిరుదు అప్పటికి ఎవరిదీ కాదు. తమ దేశంలో మకాం వేసిన శక్తి ఎక్కడో ఒకచోట, నియమబద్ధంగా, అందరి కళ్ళెదుట ఓడిపోయిందన్నదే వారి ఉత్సవానికి హేతువు.

4. మార్చి 28 రాత్రి:

టెలివిజన్‌లో ఆట ముగిసీ ముగియగానే ప్రజలు ఇళ్ళు వదిలి బయటికి వచ్చారు. దేశవ్యాప్తంగా సుమారు 5 లక్షల మంది, ఒక్క ప్రాగ్‌లోని వెన్సెస్లాస్ కూడలిలోనే దాదాపు లక్షన్నర మంది గుమిగూడారని అంచనా. “మీరు మాకు ట్యాంకులు, మేము మీకు గోల్స్” అన్న అర్థంలో ప్రాసబద్ధమైన చెక్ నినాదం నాటి జనంలో బహుళ ప్రచారం పొందింది. జాతీయగీతం పాడటం, జెండాలు ఊపడం, కారు హారన్లు మోగించడం వంటి చర్యలతో ఆ రాత్రి సింహభాగం ఉత్సవంగానే గడిచింది.

కూడలిలో సోవియట్ విమానసంస్థ ఏరోఫ్లోట్ కార్యాలయం ఉంది. దాని ఎదుట రహదారికి పరిచే రాళ్ళు గుట్టగా పోసి ఉన్నాయి. జనంలో కొందరు వాటితో అద్దాలు పగులగొట్టి, లోపలి సామగ్రిని వీధిలోకి లాగి తగులబెట్టారు. సోవియట్ సేనలు మకాం వేసిన కొన్ని ఇతర పట్టణాల్లోనూ సైనిక భవనాలపై, వాహనాలపై దాడులు జరిగాయి. రాళ్ళగుట్టను రహస్య పోలీసులే ఉద్దేశపూర్వకంగా అక్కడ చేర్చారన్న అనుమానం ఆనాడే తలెత్తింది. 1989 తరువాత కూడా చరిత్రకారుల మధ్య ఆ చర్చ కొనసాగింది.

5. పర్యవసానాలు:

మాస్కో ప్రతిస్పందన వేగంగా వచ్చింది. మార్చి 31న సోవియట్ రక్షణమంత్రి మార్షల్ అంద్రేయ్ గ్రెచ్కో చెకోస్లోవేకియా చేరుకున్నాడు. విదేశాంగ ఉపమంత్రి వ్లదిమీర్ సెమ్యోనొవ్ కూడా ప్రాగ్ వచ్చాడు. శాంతిభద్రతలను ప్రాగ్ నాయకత్వం అదుపు చేయలేకపోతే తమ సేనలే ఆ పని చూసుకుంటాయన్నది వారు తెచ్చిన సందేశ సారాంశం. ఏప్రిల్ మొదటి వారంలో పత్రికలపై ముందస్తు సెన్సార్‌షిప్ తిరిగి వచ్చింది. ఏప్రిల్ 17న జరిగిన కేంద్రసంఘ సమావేశంలో దుబ్చెక్ స్థానాన్ని గుస్తావ్ హుసాక్ చేపట్టాడు.

అనంతరం ‘సాధారణీకరణ’ అనే పేరుతో సాగిన కాలం రెండు దశాబ్దాలు నిలిచింది. దుబ్చెక్‌ను కొంతకాలం సమాఖ్య పార్లమెంటు అధ్యక్షుడిగా ఉంచి, ఆపై టర్కీకి రాయబారిగా పంపి, 1970లో పార్టీ నుంచి బహిష్కరించారు. చివరి సోవియట్ సైనికులు దేశాన్ని వీడింది 1991లో.

6. కారణమా? సందర్భమా?

హాకీ ఆటే దుబ్చెక్‌ను పడగొట్టిందన్న వాక్యం వినసొంపుగా ఉంటుంది. కానీ ఆధారాలు ఆ నిర్ణయానికి తోడ్పడవు.

మొదటిది, సంస్కరణల క్షయం స్టాక్‌హోమ్‌కు ఎంతో ముందే మొదలైంది. 1968 సెప్టెంబరులోనే పత్రికలపై నియంత్రణ పాక్షికంగా తిరిగి వచ్చింది. అక్టోబరులో సేనల మకాముకు ఒప్పందం కుదిరింది. సంస్కరణవాదుల్లో ప్రజాదరణ గల యోసెఫ్ స్మ్ర్‌కొవ్‌స్కీకి 1969 జనవరిలో సమాఖ్య పార్లమెంటు అధ్యక్ష పదవి దక్కలేదు. రెండవది, అల్లర్లకూ వాటి పేరున తీసుకున్న చర్యలకూ పొంతన లేదు. పగిలినవి ఒక విమానసంస్థ కార్యాలయం అద్దాలు. మారినవి పత్రికల స్వేచ్ఛ, పార్టీ నాయకత్వం. మూడవది, రక్షణమంత్రి స్థాయి వ్యక్తి మూడు రోజుల్లో దిగిరావడం ఒక అవకాశం కోసం ఎదురుచూస్తున్న నాయకత్వం లక్షణం.

అయితే ఆ రాత్రికి ప్రాధాన్యం లేదనడం కూడా సరికాదు. మార్పు ఎప్పుడు జరగాలన్నది ఆ రాత్రి నిర్ణయించింది. దుబ్చెక్ ప్రజలను అదుపులో ఉంచలేడన్న వాదనకు పార్టీలోని ప్రత్యర్థుల చేతికి ఒక నిదర్శనం దొరికింది. కనుక మార్చి 28ని సందర్భంగానే గుర్తించడం సమంజసం. కారణం ఆగస్టు 20న ప్రవేశించిన సేనల్లోనే ఉంది.

ఈ భేదం కేవలం పరిభాషకు సంబంధించినది కాదు. జనం ఇళ్ళలోనే ఉండి ఉంటే సంస్కరణలు మిగిలేవన్న వాదనలో నష్టానికి బాధ్యత బాధితులపైకి మారుతుంది. అల్లరిమూకల వల్లనే కఠిన చర్యలు తప్పలేదన్నది సాధారణీకరణ పాలకుల కథనం. హాకీ దుబ్చెక్‌ను పడగొట్టిందనే చమత్కార వాక్యాన్ని పరిశీలించకుండా స్వీకరించిన పరిశోధకుడు, తెలియకుండానే ఆ కథనాన్ని తిరిగి రాస్తున్నట్టు అవుతుంది.

7. ముగింపు:

1972లో ప్రాగ్‌లోనే జరిగిన ప్రపంచ పోటీల్లో చెకోస్లోవేకియా స్వర్ణం గెలిచి, తొమ్మిదేళ్ల సోవియట్ విజయపరంపరకు తెరదించింది. పట్టిక ప్రకారం అది 1969 కాంస్యం కన్నా ఎంతో పెద్ద విజయం. కానీ అప్పటికి హుసాక్ పాలన స్థిరపడింది. ఆ స్వర్ణాన్ని ప్రభుత్వం తన ఖాతాలో వేసుకోగలిగింది. 1969 నాటి రెండు విజయాలను మాత్రం ఏ ప్రభుత్వమూ తనవని చెప్పుకోలేకపోయింది.

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి:

• చెకోస్లోవేకియాలో ఐస్ హాకీకి రాజకీయార్థం 1969లో కొత్తగా వచ్చినది కాదు. 1950 అరెస్టులతోనే రాజ్యం దానిని స్థాపించింది.

• మార్చి 28 ఉత్సవం టోర్నమెంటు విజయానికి సంబంధించినది కాదని తేదీల క్రమమే నిరూపిస్తున్నది.

• ఆ రాత్రి దుబ్చెక్ పతనానికి సందర్భమే గాని మూలకారణం కాదు.

• క్రీడాచరిత్ర రచనలో తుది పట్టికతో పాటు, ప్రజలు ఏ ఫలితాన్ని, ఏ రోజున, ఎందుకు తమదిగా భావించారన్నది కూడా ఆధారంగా స్వీకరించవలసి ఉంటుంది.

మాట్లాడే దారులు మూసుకుపోతున్న కాలంలో ఒక దేశ ప్రజలకు ఒక ఆట కొన్ని గంటలపాటు గొంతునిచ్చింది. ఆ గొంతును అణచినవారి బాధ్యతను ఆ ఆట మీదకు నెట్టకుండా నమోదు చేయడం చరిత్రకారుని విధి.