సావుకారి హెరాల్డ్

టాక్సీ కాలేకపోయిన కారు మన దేశంలో ఎక్కువ కాలం బతకలేదు. అంబాసిడర్ బతికింది, ఫియట్ బతికింది. పొద్దున లేస్తే కిరాయికి తిరిగే బండ్లు కాబట్టి వాటి క్లచ్ ప్లేట్లు, బ్రేకు లైనింగులు ఏ ఊరి బస్టాండు పక్కన అడిగినా దొరికేవి. ఆ రెంటి పక్కన మూడోదొకటి ఉండేది, స్టాండర్డ్ హెరాల్డ్. మద్రాసు శివారు వండలూరులో 1961 నుంచి తయారైంది. రెండే తలుపులు. ముందు సీటు వంచితే తప్ప వెనక మనిషి దిగలేడు. ఇంకెవరు కిరాయికి పెట్టుకుంటారు దాన్ని? షోకున్నవాడు కొన్నాడు, షోకున్నన్నాళ్లు తోలాడు.

ఆదోనిలో అలాంటి షోకున్న సావుకారి ఒకడుండేవాడు. జిన్నింగు ఫ్యాక్టరీ ఆయనది. పేరు చెప్పను, ఆ ఇంటివాళ్లు ఇంకా ఊళ్లోనే ఉన్నారు.

ఆదోనికి అప్పట్లో రెండో బొంబాయి అని పేరు. 1871లో మద్రాసు నుంచి వచ్చిన రైలు దారి రాయచూరులో బొంబాయి దారితో కలిసిన నాటి నుంచి, ఈ నల్లరేగడి దూది ఎటు కావాలంటే అటు పోయింది. 1953 అక్టోబరు 1 దాకా ఊరు బళ్లారి జిల్లాలో ఉండేది, ఆ తర్వాతే కర్నూలు జిల్లాకు వచ్చింది. కోర్టుకు బళ్లారి, సరుకుకు బొంబాయి, షోకుకు మద్రాసు. ఆదోని సావుకారుల లెక్క అది. కారు కావాలంటే ఏళ్ల తరబడి వరసలో నిలబడాల్సిన ఆ కాలంలో, 1964లో, ఆయన మద్రాసు నుంచి హెరాల్డ్ తెచ్చుకున్నాడు.

బండిని గీసినవాడు ఇటలీకి చెందిన మికెలొట్టి. ఇంగ్లండులో 1959లో ట్రయంఫ్ కంపెనీ దాన్ని బజారులోకి వదిలింది. బానెట్ ఎత్తితే ముందు రెక్కలు, దీపాలు అన్నీ ఒకే ముక్కగా ముందుకు వాలిపోతాయి. ఇంజను మొత్తం బయటపడుతుంది, మేస్త్రీ ముందు టైరు మీద కూర్చుని పని చేసుకోవచ్చు. ముందు చక్రాలు ఎంత మెలితిరుగుతాయంటే, ఇరవై అయిదు అడుగుల జాగా ఉంటే బండి గుండ్రంగా తిరిగొస్తుంది. ఆదోని షరాఫ్ బజారు లాంటి ఇరుకు వీధుల్లో అది చిన్న సుఖం కాదు. అప్పటికే చాలా కార్లకు చాసిస్ అంటూ వేరే ఉండడం మానేసింది, దీనికి మాత్రం ఉంది. ఒంటిని ముక్కలు ముక్కలుగా దాని మీద బోల్టులతో బిగించారు. పైకప్పు కూడా బోల్టుల మీదే ఉంటుంది.

బండి చరిత్రంతా ఆ బోల్టుల దగ్గర మలుపు తిరిగింది. మద్రాసుకు ఉత్తరాన షోలవరంలో యుద్ధకాలపు పాత విమానాల దారి మీద కార్ల పందేలు జరిగేవి. సావుకారి ఓ ఏడు వాటిని చూసొచ్చాడు. వచ్చిన వారంలోనే ఫ్యాక్టరీ ఫిట్టరును పిలిపించి, హెరాల్డ్ కప్పు విప్పించేశాడు. నిన్నటిదాకా ఇంటి బండి, తెల్లారేసరికి స్పోర్ట్స్ కారు. నిజం చెప్పాలంటే 948 సీసీల ఇంజనుకు అంత పౌరుషం లేదు. వేగంగా మలుపు తిప్పితే వెనక చక్రాలు లోపలికి మడుచుకుపోయే జబ్బు కూడా ఉంది. ఊరికి అదంతా పట్టలేదు. తలకు రుమాలు చుట్టుకుని కప్పులేని కారులో పోయే సావుకారిని చూడ్డానికి మండీ బజారులో హమాలీలు బోరాలు దించి నిలబడేవాళ్లట.

దూది డబ్బు, కారు పిచ్చి కలిసి నడవడం ఆదోనికి మాత్రమే పట్టిన జబ్బు కాదు. కోయంబత్తూరులో లక్ష్మీ మిల్స్ కుటుంబపు తెలుగింటి బిడ్డ కరివరదన్ పందేల్లో దిగి, 1980ల చివర మారుతి ఇంజనుతో ఫార్ములా కార్లు కట్టించి, కుర్రవాళ్లకు పందెం నేర్పాడు. 1995లో గాల్లో ఎగురుతూ ప్రమాదంలో పోయాడు. అక్కడి కరి మోటార్ స్పీడ్‌వే ఆయన పేరుదే. కోయంబత్తూరుకూ ఆదోనికీ తేడా ఎక్కడుందంటే, అక్కడ పిచ్చి వెనక వర్క్‌షాపులుండేవి. లేతు ముందు నిలబడి, లేని ముక్కను తయారుచేసేవాడు ఉండేవాడు. ఆదోనిలో పిచ్చి ఒక్కటే ఉండేది.

ప్రతి జనవరిలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి తేరుకు ఆ బండి పోవాల్సిందే. ముప్పై కిలోమీటర్ల లోపు దారి. సీట్ల రెక్సిన్ ఎండకు పగిలిపోతే, అక్కడి చేనేత సంఘం దుప్పటి గుడ్డ తెచ్చి కుట్టించారు. మాచాని సోమప్ప 1938లో మొదలుపెట్టిన సంఘం అది. ఆయనకు 1954లో పద్మశ్రీ వచ్చింది. కరువు సీమలో మగ్గాన్ని నమ్ముకున్న వేల మందికి కూడు పెట్టిన మనిషి. ఆ గళ్ల గుడ్డ ముక్క ఒకటి వెనక సీటు కింద ఇప్పటికీ రంగు పోకుండా ఉంది. వండలూరు రెక్సిన్ కంటే ఎమ్మిగనూరు నూలే ఎక్కువ కాలం నిలిచిందన్నమాట.

ఇక్కడ ఊరిది వదిలి కంపెనీది చెప్పాలి, ఎందుకంటే బండి చావు మొదలైంది ఆదోనిలో కాదు. స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా 1948లో పుట్టింది. ఇంగ్లీషు కంపెనీ బొమ్మ పంపితే ఇక్కడ బిగించడం, మెల్లగా ఇక్కడే తయారుచేయడం. 1968లో హెరాల్డ్‌కు నాలుగు తలుపులు పెట్టారు, ఇంగ్లండులో కూడా లేని నమూనా. అప్పటికే ఆలస్యమైంది, టాక్సీవాళ్లు అంబాసిడర్‌కు అలవాటు పడిపోయారు. 1969లో ప్రభుత్వం కార్ల ధరలకు గరిష్ఠ పరిమితి పెట్టింది. 1971లో ఇంగ్లండు హెరాల్డ్‌నే ఆపేసింది. మరుసటేడు మద్రాసువాళ్లు దాన్నే కాస్త మార్చి గెజెల్ అని పేరు పెట్టారు, అదీ 1977తో సరి. 1973 తర్వాత పెట్రోలు ధర ఎక్కడికి పోయిందో తెలిసిందే.

ఎనిమిదేళ్లు కారే తయారుచేయని కంపెనీ 1985లో ఒక్కసారిగా స్టాండర్డ్ 2000 తెచ్చింది. ఒళ్లు ఇంగ్లండు రోవర్‌ది, కళ్లు తిరిగేంత అందం. లోపల మాత్రం వ్యాన్‌గార్డ్ కాలపు పాత ఇంజను వంశమే. పెళ్లికొడుకు షేర్వానీ తొడిగించి లోపల తాతను నిలబెట్టినట్టయింది. అప్పటికి 1983 నుంచి మారుతి రోడ్డు మీద ఉంది, అర లక్షకు లోపే. 1988లో వండలూరు గేటుకు తాళం పడింది. వాడకుండా మిగిలిన రోవర్ సామాను మొత్తం తర్వాత ఇంగ్లండులో రిమ్మర్ బ్రదర్స్ అనే స్పేర్ల వ్యాపారులు కొనుక్కుపోయారు. మద్రాసు నుంచి ముడిసరుకు ఇంగ్లండుకు పోయి తయారైన సరుకు వెనక్కి రావడం మనం చదువుకున్న చరిత్ర. ఇది దానికి వింత అనుబంధం. ఇవాళ హెరాల్డ్ గ్యాస్కెట్ కావాలన్నా మద్రాసు కంటే ఇంగ్లండులో తేలిక. అక్కడ క్లబ్బులున్నాయి, కొత్తగా పోత పోసి అమ్మేవాళ్లున్నారు. పౌండ్లలో ధర, దాని మీద కస్టమ్స్.

సావుకారి బండి ఎప్పుడు ఆగిందో ఇంట్లో ఎవరూ ఒక తేదీ చెప్పరు. ఒకనాడు ఆగిపోయిన బండి కాదది. క్లచ్ స్లేవ్ సిలిండర్ కారింది, ముక్క దొరకలేదు, "సీజను అయినాంక చూద్దాం" అన్నారు. సీజను అయింది. బుడ్డల (వేరుశనగ) నూనె మిల్లు కూడా పెట్టారు, 1994లో పామోలిన్ దిగుమతికి తలుపులు తెరిచాక ఆ మిల్లు కూర్చుంది. జిన్నింగు పాత యంత్రాలు అమ్ముకున్నారు. ఆదోని మార్కెట్ యార్డుకు పత్తి ఇప్పటికీ బండ్లకొద్దీ వస్తుంది, కాని వీళ్ల ఫ్యాక్టరీకి రావడం మానేసింది. "చూద్దాం" మాత్రం మానలేదు. మద్రాసు నుంచి ఒకాయన వచ్చి అడిగితే, "ఇది అమ్మేది కాదప్పా" అని కాఫీ ఇచ్చి పంపారు. పోనీ బాగుచేయించారా అంటే అదీ లేదు. నన్నడిగితే ఆ కాఫీ రోజే బండి చచ్చింది.

ఉన్నవాళ్లకే దిక్కు లేదు ఈ విషయంలో. ఆదోని ఒకప్పుడు నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ జాగీరు, 1800లో దత్తమండలాలతో పాటు ఇంగ్లీషువాళ్ల పాలైంది. ఆ నిజాముల కడపటి వారసుడు ముకర్రం జా 1967లో గద్దెనెక్కేసరికి హైదరాబాదు షెడ్లలో అరవై దాకా కార్లుంటే, నడిచేవి నాలుగేనట. చిత్రమేమంటే ఆయన స్వయంగా యంత్రాల పిచ్చివాడు. పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ మాత్రం ఎన్నో ఏళ్ల తర్వాత బాగై, చౌమహల్లాలో జనం చూసేలా నిలబడింది. మిగిలిన వాటి సంగతి అడక్కూడదు.

సావుకారి పోయాక కొడుకు ఆ షెడ్డు తెరిపించాడు. మేస్త్రీని తీసుకుని పోయారు, నన్నూ రమ్మన్నారు. ఆదోనిది పొడి నేల, వాన తక్కువ, తుప్పు పెద్దగా ఉండదని నేననుకున్నాను. తుప్పు నిజంగానే తక్కువ. ఆ నేల కాపాడిన దాన్ని దూది తినేసింది. ఏళ్ల తరబడి గాల్లో తేలిన నూగు ప్రతి సందులో అట్టకట్టి తేమను పట్టుకుంది. మేస్త్రీ ఎయిర్ క్లీనర్ మూత తీస్తే లోపల ఎలుకల గూడు, దూదితో మెత్తగా పరిచి ఉంది. కార్బురేటర్ గొంతులో పత్తి గింజలు. వైర్ల మీద తొడుగు ఒక్క అంగుళం మిగల్లేదు. క్రాంకు కడ్డీ పెట్టి తిప్పబోతే ఇంజను కదల్లేదు. బోర్లలో డీజిలు పోసి రెండ్రోజులు ఉంచి మళ్లీ చూశాడు. కదల్లేదు.

"బాగైతాదన్నా. కాకపోయేదేముంది, దుడ్లు పెడితే ఇనుము ఎట్లన్నా బాగైతాది. బాగైనాంక ఎవురు తోల్తారు, అది చెప్పు," అన్నాడు మేస్త్రీ.

అంచనా విని కొడుకు మాట్లాడలేదు. ఆ డబ్బుకు సగం వాడిన చిన్న కార్లు రెండొస్తాయి. అయినా అప్పటికీ పెట్టేద్దామనే ఉంది అతనికి. 2021లో కేంద్రం పాతకాలపు బండ్లకు కొత్త నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటితే వింటేజ్ కింద రిజిస్టర్ చేస్తారు, నంబరులో వీఏ అనే అక్షరాలొస్తాయి, ఇరవై వేలు కడితే పదేళ్లు చెల్లుతుంది. రోజూ తిప్పుకోకూడదు, ప్రదర్శనలకు తీసుకుపోవచ్చు. ఒక్కటే మెలిక: బండి తయారైనప్పటి రూపంలోనే ఉండాలి, పెద్ద మార్పులేవీ చేసి ఉండకూడదు. ఊరంతా నిలబడి చూసిన ఆ కప్పులేని సొగసే ఇప్పుడు అడ్డం.

అందుకని కప్పు వెతకడానికి ఎమ్మిగనూరు పోయాం. విప్పిన కప్పును సావుకారి తమ్ముడు తన పొలానికి తీసుకుపోయాడని ఆ ఇంటి పెద్దామె గుర్తుచేసింది. తుంగభద్ర దిగువ కాలువ (ఎల్లెల్సీ) వారనున్న పొలం. మోటారు స్టార్టరు పెట్టె మీద వాన పడకుండా బోర్లించి ఉంది. రంగు ఒక పక్క ఇంకా కనిపిస్తోంది. వైరు పోవడానికి నడినెత్తిన ఉలితో చదరంగా కొట్టారు. తడి మట్టిలో ఆనిన అంచు చుట్టూ ఉన్న బోల్టు రంధ్రాలు లేవు, రేకే లేదక్కడ. పొలం చూసుకునే కుర్రవాడు, "దీన్ని తీసుకపోతే మా పెట్టెకు ఏందన్నా కప్పేది?" అనడిగాడు. తప్పు లేదు. ఆ కప్పు కింద అన్నేళ్లుగా పని చేస్తున్నది అతని స్టార్టరు ఒక్కటే.

తిరిగొచ్చే దారిలో కొడుకు అన్నాడు, అమ్మేద్దామని. వాళ్లమ్మ అడ్డు చెప్తుందనుకున్నాం. ఆమె, "మీ నాయన దాన్ని తోలిండేది పదేండ్లు, దాని గురించి మాట్లాడిండేది నలభై ఏండ్లు. పోనీలే," అంది.

బెంగుళూరులో ఇంకో హెరాల్డ్‌ను బాగుచేసుకుంటున్న ఆయన ఒకరు వచ్చారు. మొత్తం బండి ఆయనకు అక్కర్లేదు. బానెట్, రెండు తలుపులు, మీటరు, స్టీరింగు చక్రం తీసుకున్నారు. బానెట్‌ను ఎత్తి మూసి, మళ్లీ ఎత్తి, దాని అంచు వెంట వేలు పెట్టి ఎక్కడా పుట్టీ లేదని సంతోషపడ్డారు. బండి చచ్చినట్టు కాగితాల్లో రాయించుకోవడానికి బాకీ పన్ను కట్టాల్సొచ్చింది. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీస్తే, అయిదు అంకెలూ పూర్తిగా వచ్చాయి.

మిగిలిన ఇనుమును పాత సామాన్లవాడు గ్యాస్ కట్టరుతో మూడు ముక్కలు చేసి, ఫ్యాక్టరీలో బేళ్లు తూచే పాత కాటా మీదే తూచుకున్నాడు. ఆ వారం యార్డులో పత్తి పలికిన దాంట్లో సగం కూడా పడలేదు కిలోకు.