తలకట్లు దాచుకున్న పాత కంప్యూటర్లు

1982లో విడుదలైన సింక్లెయిర్ స్పెక్ట్రమ్‌ను, కమొడోర్ 64ను ఇప్పటికీ విప్పి, తుడిచి, పాడైన కెపాసిటర్లు మార్చి, మళ్లీ టీవీకి తగిలించి మురిసిపోయేవాళ్లు యూరప్‌లో, అమెరికాలో చాలామంది ఉన్నారు. వాళ్లకవి చిన్ననాటి ఆటవస్తువులు. మన దగ్గర ఆ రోజుల్లో కంప్యూటర్ ఇంటి సామాను కాదు. హైదరాబాద్ ఈసీఐఎల్ 1969లోనే టీడీసీ-12 తయారుచేసినా, అది ఇళ్ల కోసం చేసింది కాదు. 1984-85లో కేంద్రం ‘క్లాస్’ పథకం కింద బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చింది కూడా మొదట దేశమంతా కలిపి 250 బడులకే. అందుకే పాత కంప్యూటర్లు బాగుచేసే సరదా మనకు అరువు జ్ఞాపకమేనని ఎవరైనా అంటే కొట్టిపారేయలేం. కానీ కృష్ణా డెల్టాకూ తనదనిపించే పాత కంప్యూటర్ ఒకటుంది: అచ్చు పేజీలు కూర్చే డీటీపీ యంత్రం. దాన్ని బతికించడానికి సరదా కన్నా గట్టి కారణమే ఉంది. 1990ల నాటి తెలుగు రాతలో కొంత భాగాన్ని సరిగ్గా చదవగలిగేది ఇంకా అదే.

అసలు తెలుగు కంప్యూటర్‌లోకి వచ్చిందే మార్పుచేర్పుల దారిలో. ఐఐటీ కాన్పూర్‌లో మొదలైన పరిశోధన పుణెలోని సీడాక్ సంస్థలో జిస్ట్ కార్డుగా స్థిరపడింది. దాన్ని మదర్‌బోర్డు స్లాటులో గుచ్చితే డాస్ తెర మీద భారతీయ లిపులు కనబడేవి. విండోస్ వచ్చాక ఉపాయం మారింది. ఇంగ్లీషు అక్షరాలుండే గళ్లలో తెలుగు ముక్కలు కూర్చిన ఫాంట్లు వచ్చాయి. తలకట్టుదొక గడి, గుడిదొక గడి, ఒత్తుదింకొకటి. కంపోజిటర్ కేసులోంచి సీసపు ముక్కలు ఏరి పేర్చినట్టే, ఆపరేటర్ మీటల మీద వాటిని పేర్చేవాడు. 1902లో బందరులో కృష్ణాపత్రిక మొదలైనప్పుడు సీసంతో సాగిన పని, ఇలా పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌కూ అను ఫాంట్లకూ మారింది. విజయవాడ ప్రచురణకర్తల పుస్తకం నుంచి, బందరు రోడ్డూ గుడివాడ రోడ్డూ కలిసే పామర్రు లాంటి కూడలి ఊళ్లో అచ్చయ్యే శుభలేఖ దాకా ఇదే పద్ధతి.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఆ ఫైలును దాని ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే కనబడేవి అర్థంపర్థం లేని ఇంగ్లీషు అక్షరాలే. ఏ అక్షరానికి ఏ సంకేతమో అందరికీ ఒకేలా నిర్ణయించే ఇస్కీ, యూనికోడ్ ప్రమాణాలు తెలుగుకు రెండూ 1991 నాటికే ఉన్నాయి. కానీ గౌతమి ఫాంటుతో విండోస్ ఎక్స్‌పీ వచ్చేసరికి 2001 అయింది. ఈలోపు ఏ కంపెనీ గళ్లు ఆ కంపెనీవే. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి కదా అనొచ్చు. తెలిసిన ఫాంటులో ఉన్న మామూలు పాఠానికి అవి పనికొస్తాయి. అయితే పేజ్‌మేకర్ ఫైలును ముందు తెరవాలి. 2001లో వచ్చిన 7.0తోనే దాని కథ ముగిసింది. పాత యంత్రాన్ని కొత్తదాంట్లో సాఫ్ట్‌వేర్‌గా నడిపే ఎమ్యులేటర్ చాలదా? చాలాసార్లు చాలుతుంది. కానీ ప్రింటర్ పోర్టుకు డాంగుల్ అనే తాళంచెవి లాంటి ముక్క తగిలిస్తే తప్ప కదలని ప్యాకేజీలూ ఉండేవి. ఫ్లాపీలో ఉన్నది ఎమ్యులేటర్ దాకా చేరాలన్నా ముందు ఒక డ్రైవు దాన్ని చదవాలి.

అందుకే పాత యంత్రాన్నే బాగుచేయాలి. దాని మూత విప్పగానే చూడాల్సింది బ్యాటరీని. 386, 486 కాలపు బోర్డుల మీద చాలావాటికి చిన్న పీపాల్లాంటి నికెల్-కాడ్మియం బ్యాటరీలు ఉండేవి. అవి కారితే ఆ క్షారం బోర్డు మీది రాగి గీతల్ని తినేస్తుంది. బ్యాటరీ ఊడదీసి, మరకను పలచని వెనిగర్‌తో తుడిచి, తెగిన గీత పక్కన సన్నటి తీగ సోల్డర్ చేయాలి. తేమకు బూజు పట్టిన ఫ్లాపీని అలాగే డ్రైవులో దూరిస్తే ఆ డిస్కు గీసుకుపోతుంది, మురికి పట్టిన హెడ్డు తర్వాత పెట్టిన మంచి డిస్కునూ గీకేస్తుంది. మొరాయించే హార్డ్‌డిస్కు స్థానంలో కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు పెడితే యంత్రం అసలుతనం పోతుందని కొందరి అభ్యంతరం. మళ్లీ విప్పి తీసేయగలిగే మార్పుతో పోయేదేమీ లేదు. పైగా జిస్ట్ కార్డు గుచ్చుకుని తెలుగు నేర్చిన యంత్రానికి మడి కట్టడంలో అర్థం లేదు.

శుభలేఖలకూ కరపత్రాలకూ ఇంత శ్రమ ఎందుకన్నది అసలు ప్రశ్న. రాజుల చరిత్రకు శాసనాలున్నాయి. ఊరి చరిత్రకు దొరికేవి సంఘం నోటీసు, నాటకం ఆహ్వానం, జాతర కరపత్రం. అచ్చుకాగితం మిగిలితే స్కాన్ చేసుకోవచ్చు, నిజమే. కానీ కరపత్రాన్ని దాచేవాళ్లు అరుదు, స్కాన్ చదివే సాఫ్ట్‌వేర్ ఒత్తుల దగ్గర తడబడుతుంది. ఫైలులో మాత్రం కొట్టిన అక్షరం కొట్టినట్టే ఉంటుంది. ఇందుకు ఊరికో యంత్రం అక్కర్లేదు, జిల్లాకు రెండు మూడు చాలు. పాత సామానుకు తూకం వేసేముందు హార్డ్‌డిస్కుకు నకలు తీయాలి, ఫాంటు ఫైళ్లనూ డాంగుల్‌నూ దాంతోపాటే ఉంచాలి. లోపలున్నదంతా యూనికోడ్‌లోకి చేరాక ఆ యంత్రం పని తీరినట్టే. సరదాకు దాచుకోవాలన్నా అప్పుడు దాచుకోవచ్చు.