ప్రళయకావేరి ఒడ్డున వనభోజనం

ఈ కార్తీకంలో కూడా వనభోజనం పళవేర్కాడులోనే అని మొన్న అనుకున్నాం గదా. పోదాం, కాదనం. కానీ పోయినసారి మనం చేసిన పని ఒకటి మనసులో ముల్లులా ఉంది.

తమిళ బడిలో చదువుకున్న మాకు అది పళవేర్కాడు ఏరి. ఇంగ్లీషులో పులికాట్. ఇంట్లో మా అవ్వ మాత్రం ప్రళయకావేరి అనేది. స.వెం. రమేశ్ గారు తన కథల పుస్తకానికి ఆ పేరే పెట్టారని తెలిసినప్పుడు, అవ్వ మాట అబద్ధం కాదని సంతోషించాం.

వెంకటపతి రాయల అనుమతితో 1610లో డచ్చివాళ్ళు ఇక్కడ దిగారు. కోట కట్టారు, గుడ్డలు కొన్నారు. గుడ్డలతో పాటు మనుషులను కూడా బానిసలుగా ఓడలెక్కించి బటావియాకు పంపారు. వాళ్ళ సమాధుల తోట ముందు ఫోటోలు తీసుకునేవాళ్ళం ఈ సంగతి ఎప్పుడూ చెప్పుకోలేదు.

ఏరికీ సముద్రానికీ నడుమ ఉన్నది ఇసుకే. ఆ ఇసుకమీదే శ్రీహరికోట అడవి. పాలచెట్లు, నేరేళ్ళు, వాటి నీడన బతికిన యానాదులు. అక్కడి కట్టెలు బకింగ్‌హాం కాలువలో పడవలమీద మద్రాసు పొయ్యిలకు వచ్చేవి. మన తాతల ఇళ్ళలో అన్నం వాటితోనూ ఉడికి ఉంటుంది. 1969లో రాకెట్ కేంద్రానికి ఆ దీవిని ఎంచుకున్నారు. ఊళ్ళు ఖాళీ అయ్యాయి. మనుషులు పోయారు, కాపలా వల్ల అడవి మిగిలింది. దీన్ని మంచి అనాలో చెడు అనాలో మాకు ఇప్పటికీ తేలలేదు.

కాపలా లేని ఇసుక దిబ్బల సంగతి వేరు. వాటిని పట్టి ఉంచేది గోడ కాదు, రావణన్ మీసై అని తమిళంలో పిలిచే ముళ్ళగడ్డి, నేలమీద పాకే తీగలు. గడ్డి వేరు తెగితే గాలి ఇసుకను లేపుకుపోతుంది, పైనున్న చెట్టు వేళ్ళు బయటపడతాయి. పోయినసారి మన పిల్లలు ఆ దిబ్బ మీద నుంచి జారుడుబండ ఆడితే మనం చప్పట్లు కొట్టాం. పొయ్యి రాళ్ళు కూడా అక్కడే పెట్టాం. పడవ నడిపే పెద్దాయన చూసి ఏమీ అనలేదు, తల తిప్పుకున్నాడు.

ఈసారి భోజనం పడవరేవు దగ్గర, వంట ఇంటి నుంచే. కొంగలను పడవలోంచి చూద్దాం. విస్తళ్ళు మూటగట్టి వెనక్కి తెచ్చే పని మేము చూసుకుంటాం, సంచులు కుట్టించడం అప్పుడే మొదలుపెట్టాం.